వసంతంలో పిట్టల కోసం ఏ కొండకు పోవాలి: నల్లమల, లంకమల, పెనుకొండ, హార్స్లీ కొండ

కర్నూలు, అనంతపురం, కడప. ఈ మూడింటిలో ఏ ఊళ్లో ఉన్నా కొండలు మనకు దూరం కాదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక, ఎండలు ముదరకముందు, ఒక రాత్రి ఎక్కడైనా ఉండి పిట్టల్ని చూసొద్దామని చాలామంది అనుకుంటారు. ఎక్కడికి అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. ఒకరు నల్లమల అంటారు, ఒకరు చల్లగా ఉంటుంది హార్స్లీ కొండే మేలంటారు, ఇంకొకరికి కలివికోడి అనే అరుదైన పిట్ట పేరు విన్నప్పటి నుంచి లంకమల మీదే మనసు. చివరికి ఎవరి కారు వస్తే వాళ్లు చెప్పిన చోటికి పోయి, పది గంటల ఎండలో నాలుగు గోరువంకల్ని చూసి తిరిగొస్తారు.

కొండ ఎత్తును బట్టో పేరును బట్టో చోటు ఎంచుకుంటే ఇలాగే అవుతుంది. మన సీమలో ఈ కాలంలో చూడాల్సినవి రెండు: నీళ్ల చెమ్మ ఎక్కడ మిగిలింది, తెల్లవారేసరికి అక్కడ ఉండగలమా లేదా. తక్కినవన్నీ ఆ తర్వాతే.

మన వసంతం పచ్చగా ఉండదు

మొదటిసారి వెళ్లేవాళ్లు ఇక్కడే పొరబడతారు. వసంతం అనగానే చిగుళ్లు, పచ్చదనం ఊహించుకుంటారు. మన కొండల్లో ఫిబ్రవరి, మార్చి నెలలు ఆకు రాలే కాలం. టేకు మోడువారుతుంది, అడవి నేలంతా ఎండుటాకులు. కానీ ఆకులేని మోదుగ ఒళ్లంతా పూస్తుంది, బూరుగ కొమ్మ కొమ్మకూ ఎర్రపూలు పెట్టుకుంటుంది. పిట్టల్ని చూసేవాళ్లకు ఇది వరం. వానాకాలంలో ఆకుల మధ్య కూత మాత్రమే వినిపించే పిట్ట, ఇప్పుడు బోడి కొమ్మ మీద నిండుగా కనిపిస్తుంది.

పూసిన మోదుగ ఒకటి దొరికితే ఆ ఉదయానికి ఇంకెక్కడికీ పోనక్కరలేదు. చెట్టుకు పాతిక ముప్పై అడుగుల దూరంలో, సూర్యుడు వీపు వైపు ఉండేలా కూర్చోండి. మొదట తేనెపిట్టలు వస్తాయి. తర్వాత గోరువంకలు, రామచిలుకలు, ఏట్రింతలు. చిలుక పువ్వును తొడిమ దగ్గర కొరికి పారేస్తుంది. గోరువంక పువ్వులోకి తల దూర్చి, నుదుటికి పుప్పొడి పూసుకుని బయటికొస్తుంది. ఏట్రింత తేనె తాగుతుంది, పూల చుట్టూ తిరిగే పురుగుల్నీ పడుతుంది. చలికాలానికి వచ్చిన గులాబీ గోరువంకలు తిరుగు ప్రయాణానికి ముందు ఇలాంటి చెట్ల మీద గుంపులుగా వాలతాయి. ఎండ చురుక్కుమనేసరికి చెట్టు ఖాళీ అవుతుంది.

కాలాన్ని రెండు ముక్కలుగా చూడండి. ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మూడో వారం దాకా చలికాలపు వలస పిట్టలూ ఉంటాయి, పూలూ ఉంటాయి. ఎక్కువ రకాలు చూడాలంటే ఇదే అదను. మార్చి చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా వలసవి చాలావరకు వెళ్లిపోతాయి కానీ, ఇక్కడివి జోరుగా కూస్తాయి, చాలా జాతులు జతకట్టి గూళ్ల పనిలో ఉంటాయి. కూతలు నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఈ రెండో ముక్క మంచిది. ఏప్రిల్ మధ్య దాటాక హార్స్లీ కొండ తప్ప మిగతావాటి జోలికి పోకపోవడమే మేలు. నలభై డిగ్రీల ఎండలో పిట్టకూ సుఖం లేదు, మనిషికీ లేదు.

ఎంపికకు కొలతలు

*నీళ్లు.* ఈ కాలానికి వంకలు ఎండిపోతాయి. కోనల్లో గుండాలు, బండల మీద దొనలు, ఇసుకలో చెలమలు, అటవీ శాఖ కట్టిన నీటి తొట్లు మాత్రమే మిగులుతాయి. రెండు మూడు కిలోమీటర్ల చుట్టుపక్కల పిట్టలన్నీ రోజుకు ఒకసారైనా అక్కడికి రావాల్సిందే. అందువల్ల వానాకాలంలో నాలుగు గంటలు నడిచి చూసేవి, ఇప్పుడు ఒక గుండం దగ్గర గంటన్నర కదలకుండా కూర్చుంటే కనిపిస్తాయి. ఒక్క షరతు: నీటి అంచున కూర్చోకూడదు. కనీసం ఇరవై అడుగుల దూరంలో, చెట్టు మొదలు చాటున ఉండాలి. మీరు దగ్గరగా కూర్చుంటే పిట్టలు దాహంతోనే తిరిగిపోతాయి. ఈ ఎండల్లో వాటికి అది చిన్న కష్టం కాదు.

*తెల్లవారుజాము.* సూర్యోదయం మనకు ఫిబ్రవరి మధ్యలో దాదాపు 6.40కి, మార్చి చివర 6.15కి, ఏప్రిల్ మధ్యలో 6.05కి. దానికి అరగంట ముందు చోటులో ఉండాలి. ఆ తర్వాత రెండున్నర గంటలే అసలైన సమయం. సాయంత్రం ఐదు నుంచి చీకటి పడేదాకా ఇంకో గంటన్నర. ఊరి నుంచి పొద్దున ఐదుకు బయల్దేరి ఎనిమిదిన్నరకు చేరే చోటు ఎంత గొప్పదైనా వృథా. అక్కడ రాత్రి బస దొరుకుతుందా అన్నది ముందు తేల్చుకోండి.

*ఎండ.* వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కడప సముద్రమట్టానికి దాదాపు 138 మీటర్ల ఎత్తున ఉంది, హార్స్లీ కొండ 1,265 మీటర్లు. అంటే కడపలో 39 ఉన్న మధ్యాహ్నం కొండ మీద 32 దగ్గర ఉంటుంది. నల్లమలలోనూ లంకమలలోనూ అంత తేడా రాదు. అక్కడ నీడే దిక్కు.

*అనుమతి.* లంకమల, నల్లమల రెండూ రక్షిత అడవులు. రోడ్డు దిగి లోపలికి నడవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. పెనుకొండ, హార్స్లీ కొండల మీద జనం తిరిగే దారుల్లో ఈ బాధ లేదు.

*జాతర్లు.* దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, వసంతం ప్రయాణాలు చెడేది ఎక్కువగా దీనివల్లే. శివరాత్రికి, ఉగాదికి వేలమంది కాలినడకన ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం పోతారు. ఉగాదికి కన్నడ భక్తులు మరీ ఎక్కువ. ఆ వారం పది రోజులు నల్లమలలోని బైర్లూటి వైపు వెళ్లొద్దు. అహోబిలం బ్రహ్మోత్సవాలు, కదిరి నరసింహస్వామి తేరు ఫాల్గుణంలోనే వస్తాయి. లంకమల్లేశ్వరుడికీ నిత్యపూజకోనకూ శివరాత్రి జనం. ఒంటిమిట్ట కల్యాణం చైత్ర పౌర్ణమి దగ్గర. అప్పుడు కడప నుంచి సిద్దవటం వైపు రోడ్డు కదలదు. పంచాంగం చూసుకుని తేదీ పెట్టుకోండి.

ఒక్కచోట చూస్తే

| | నల్లమల | లంకమల | పెనుకొండ | హార్స్లీ కొండ |
|---|---|---|---|---|
| దగ్గర | కర్నూలు, నంద్యాల | కడప, బద్వేలు | అనంతపురం, హిందూపురం | మదనపల్లె, కదిరి |
| అడవి తీరు | పెద్ద చెట్లు, కోనలు | ముళ్లపొదలు, ఎర్రచందనం | బండలు, చిట్టడవి | నాటిన తోపులు, బండల అంచులు |
| మార్చిలో నీళ్లు | కోనల్లో ఉంటాయి | తక్కువ | కోనేళ్లు, దొనలు | కొద్దిగా |
| రాత్రి బస | అడవిలోనే శిబిరం, అహోబిలంలో గదులు | కడపలో ఉండి రావాలి | హిందూపురం లేదా అనంతపురం | కొండ మీదే |
| అనుమతి | శిబిరం ద్వారా సులువు | తప్పనిసరి, ముందుగా | కోట దారికి అక్కరలేదు | అక్కరలేదు |
| ముఖ్యంగా చూడాల్సినవి | నీడ అడవి పిట్టలు, అడవికోడి | పొద పిట్టలు, రాత్రి పిట్టలు | పసుపుగొంతు పిగిలి | పసుపుగొంతు పిగిలి, డేగలు |
| ఎప్పటిదాకా | ఏప్రిల్ మొదటి వారం | మార్చి మధ్య | మార్చి చివర | మే దాకా |

నల్లమల: ఎక్కువ రకాలు కావాలంటే

ఒక్క ప్రయాణమే చేయగలం, ఎక్కడికి పోవాలి అని అడిగితే మా జవాబు ఇదే. నాలుగింటిలో ఎత్తైన చెట్లున్న అడవి ఇదొక్కటే. ఈ కాలంలోనూ కోనల్లో నీడ, చెమ్మ మిగిలేదీ ఇక్కడే. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, దాని దక్షిణాన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం కలిసిన పెద్ద అడవి కాబట్టి ఏ మూలకు పోవాలో ముందు తేల్చుకోవాలి. మూడు దారులున్నాయి.

ఆత్మకూరు దాటాక దోర్నాల రోడ్డులో బైర్లూటి. అటవీ శాఖ పర్యాటక శిబిరం ఉంది, చెంచులు దారి చూపిస్తారు. రాత్రి అడవిలోనే ఉంటారు కాబట్టి తెల్లవారుజాము మీ చేతిలో ఉంటుంది. దీనికున్న అసలు బలం ఇదే. పులుల అడవి కనుక విచ్చలవిడి నడక కుదరదు. శిబిరం పరిసరాలు, వాళ్లు తీసుకెళ్లే దారులే. జీపు సవారీ పిట్టలకు అంత పనికిరాదు. ఇంజను చప్పుడుకు సగం పిట్టలు లేచిపోతాయి, జీపులో తక్కినవాళ్లంతా పులి కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తుంటారు. ఒక సవారీ మానేసి ఆ పొద్దు శిబిరం చుట్టూనే, చెంచు మనిషిని వెంటబెట్టుకుని, నెమ్మదిగా నడవనిస్తారేమో అడగండి. ఘాట్ రోడ్డులో రాత్రిపూట రాకపోకలు ఆపేస్తారు, అందుకే సాయంత్రం వెలుగుండగానే శిబిరం చేరాలి.

రెండోది నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రోడ్డులో పచ్చర్ల. ఇక్కడా శిబిరం ఉంది. శ్రీశైలం దారి కాదు కనుక శివరాత్రి, ఉగాది జనం తాకిడి ఉండదు. ఆ రోజుల్లోనే సెలవు దొరికేవాళ్లకు ఇదే దారి.

మూడోది అహోబిలం. శిబిరం గొడవ లేకుండా, ఆళ్లగడ్డ దాకా బస్సులో వచ్చి చూడగల చోటు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి వైపు భవనాశిని వెంబడి పోయే దారి వసంతంలో పిట్టలకు చాలా మంచిది. రాళ్ల మధ్య నీళ్లు, పైన చెట్ల గొడుగు. తోకపిగిలి, శ్యామా పిట్ట, నీలి ఈగపట్టు పిట్ట, నారింజ తల నేలపిట్ట లాంటి నీడపిట్టలు ఇష్టపడే చోటు ఇది. కానీ భక్తుల నడక ఏడున్నరకల్లా మొదలవుతుంది. దిగువ అహోబిలంలో పడుకుని ఎగువకు పోయేసరికి ఆలస్యమవుతుంది. రెండింటి మధ్య ఎనిమిది కిలోమీటర్లు, తెల్లవారుజామున బండి దొరకదు. ముందు రోజే ఆటో మాట్లాడి పెట్టుకోండి. కోతులు సంచులు లాగేస్తాయి. అరటిపండు చేతిలో పట్టుకుని దుర్భిణి కళ్లకు పెట్టుకుంటే రెండూ పోయే ప్రమాదముంది.

నల్లమల ఉదయానికి గుర్తు అడవికోడి కూత. ఇంటి పుంజు కూతలా సాగదీయదు, ముక్కలు ముక్కలుగా తెగి ఆగిపోతుంది. ఆకులు గలగలమన్న చోట ఒక నిమిషం నిలబడితే జిట్టకోళ్లు జంటగా నేల గీరుకుంటూ కనిపిస్తాయి. పెద్ద చెట్ల మీద వడ్రంగి పిట్టలు, రెండు ఈకలు వేలాడే పొడుగు తోక ఏట్రింత, పైన ఆకాశంలో పాములు పట్టే గద్ద. కోనల నీడలో రాలిన ఆకుల మీద గెంతే పొన్నంకి పిట్ట కోసం కూడా చూడండి. ఎండలు ముదిరాక అది ఉత్తరాదికి వెళ్లిపోతుంది.

కర్నూలు వాళ్లకు ఒక చిన్న అదనం. దారిలో నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు పచ్చికబయలు ఉంది. కొండ కాదు. 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు. ఇప్పుడు అక్కడికి బట్టమేక కోసం వెళ్లకండి. ఫిబ్రవరి సాయంత్రం ఆగితే మాత్రం చలికాలపు పిల్లిగద్దలు పచ్చిక మీద తక్కువ ఎత్తులో తేలుతూ కనిపించే వీలుంది.

పెనుకొండ: ఒక్క పిట్ట కోసం

పసుపుగొంతు పిగిలి ప్రపంచం మొత్తం మీద దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా లేదు. అందులోనూ మనలాంటి బండల కొండల్లోనే ఉంటుంది. అంతరించే ముప్పున్న జాతుల్లో దీన్ని చేర్చారు. దూరదేశాల వాళ్లు దీనికోసం వస్తుంటే, అనంతపురం నుంచి హైవే మీద గంటన్నరలో పెనుకొండ చేరగల మనం చూడకపోవడం బాధగా ఉంటుంది.

ఇది పొదల పిట్ట కాదు, పొదలున్న బండల పిట్ట. ఆ తేడా తెలిస్తేనే దొరుకుతుంది. కొండ మీద ఇల్లంతేసి బండలు ఒకదానిమీద ఒకటి పడి, వాటి సందుల్లో జువ్వి, మేడి, ముళ్లపొదలు మొలిచిన చోటు వెతకండి. జువ్వికాయలు పండితే మరీ మంచిది. అలాంటి చోట ఒక బండ చాటున కూర్చుని పైబండల అంచుల్ని చూస్తుండాలి. ఊళ్లో పిగిలిలా ఇది మనిషిని లెక్కచేయకుండా కూర్చోదు. పొద కొసన ఒక్క క్షణం నిలబడి, అవతలి సందులోకి జారిపోతుంది. కూత ముందు వినిపిస్తుంది, పిట్ట తర్వాత.

తప్పు గుర్తింపులు ఇక్కడే ఎక్కువ. తెల్లకనుబొమ పిగిలి కూడా అదే కొండ మీద, అదే పొదల్లో ఉంటుంది, అదీ పసిరిక రంగే. ఇలా వేరు చేయండి:

| | పసుపుగొంతు పిగిలి | తెల్లకనుబొమ పిగిలి |
|---|---|---|
| తల, గొంతు | స్పష్టమైన పసుపు | తల మట్టి రంగు. కంటిపైన తెల్ల గీత |
| రొమ్ము | బూడిద రంగు | మాసిన తెలుపు |
| తోక కొస | లేత పసుపు | ప్రత్యేకంగా ఏమీ లేదు |
| చోటు | బండల సందుల పొదలు | ఎక్కడైనా దట్టమైన పొద |

తోక కింద పసుపు రెండింటికీ ఉంటుంది. దాన్ని చూసి తేల్చకండి. పొద్దున వాలు వెలుగులో ప్రతి పిట్టా పసుపుగానే కనిపిస్తుంది కనుక గొంతు, కనుబొమ రెండూ చూశాకే పేరు రాయండి.

పెనుకొండకు రైలుంది, గుంతకల్లు నుంచి బెంగళూరు పోయే మార్గంలోనే. కొండ మీద నరసింహస్వామి గుడి దాకా రోడ్డుంది. కారుంటే పైదాకా పోయి నడుస్తూ దిగడం, కింద నుంచి ఎక్కడం కన్నా మేలు. సూర్యుడు వీపున పడేలా దిగే మలుపులు ఎంచుకోవచ్చు, ఎనిమిదిన్నరకల్లా కిందికొచ్చి ఉగ్గాని బజ్జి తినొచ్చు. లోటు నీడ. తొమ్మిది దాటితే బండలు కాలడం మొదలవుతుంది, ఇక కొండ మీద మిగిలేది గద్దలే. ఒక్క ఉదయానికి సరిపోయే చోటు ఇది, రెండు రోజులు ఉండేది కాదు.

రెండు ప్రమాదాలు చెప్పాలి. బండల గుహల్లో ఎలుగుబంట్లు పడుకుంటాయి. మసక వెలుగులో ఒంటరిగా బండల మధ్యకు పోవద్దు, ఏ గుహలోకీ తొంగిచూడొద్దు, నలుగురూ మాట్లాడుకుంటూ రోడ్డు మీదే ఉండి, పూర్తిగా వెలుతురు వచ్చాక పక్కకు దిగండి. రెండోది కొండ తేనెటీగలు. పెద్ద పట్లు బండ చూరులకు వేలాడుతుంటాయి. సెంటు పూసుకోవద్దు, కింద పొగ పెట్టొద్దు, రాయి విసరొద్దు. లేచాయంటే ముఖం కప్పుకుని ఆగకుండా దూరం పరిగెత్తాలి. చేతులు విదిలిస్తూ నిలబడిన వాళ్లకే ఎక్కువ కుట్లు.

లంకమల: పేరు పెద్దది, షరతులూ పెద్దవే

కలివికోడి కథ అందరికీ తెలిసిందే. 1900 తర్వాత కనబడక, పోయిందనుకున్న పిట్ట 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. ఆ పిట్ట కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. అది రాత్రి తిరిగే పిట్ట, ముళ్లపొదల మధ్య ఖాళీ నేల మీద పరుగెత్తుతుంది. పగలు బీళ్లలో కనిపించే, దీనిలాంటి మామూలు పిట్టను చూసి కలివికోడి అని ఫోటో పెట్టేవాళ్లున్నారు. కలివికోడికి రొమ్ము మీద రెండు పట్టీలుంటాయి, వాటి మధ్య తెలుపు ఉంటుంది.

కచ్చితంగా చెప్పాల్సిన మాట: కలివికోడి కోసమే అయితే లంకమలకు వెళ్లకండి. రాత్రి టార్చిలైటు పట్టుకుని ఆ పొదల్లో తిరిగితే ముందు నష్టపోయేది ఆ పిట్టే. రెండోది, ఇది ఎర్రచందనం అడవి. అనుమతి లేకుండా లోపల దొరికితే పిట్టల కోసం వచ్చామన్న మాట ఎవరూ వినరు, కేసు అవుతుంది. కడప అటవీ అధికారి కార్యాలయంలో పది పదిహేను రోజుల ముందే పేర్లు, ఆధార్ కాపీలు, బండి నంబరు, తేదీలతో అర్జీ పెట్టి, చేతికి కాగితం వచ్చాకే బయల్దేరండి. లోపల తిరిగినంతసేపూ అటవీ సిబ్బంది ఒకరు వెంట ఉండాలని అర్జీలోనే అడగండి.

ఇంత కష్టపడి వెళ్తే ఏం దొరుకుతుంది? పొదల పిట్టలు తనివితీరా. చుక్కల జిట్టకోడి, ఎర్రముక్కు జెముడు జాతి పిట్ట, పాలపిట్టలు, పసిరిక పిట్టలు. పొద్దుగూకాక ఆగి వింటే కప్పిరిగాళ్లనే రాత్రి పిట్టలు రెండు మూడు రకాలు కూస్తాయి. ఒకటి రాతి మీద గోళీ ఎగిరెగిరి ఆగినట్టు టక్ టక్ మని. అనుమతి రాకపోతే సిద్దవటం వంతెన, పెన్న ఇసుక, ఒంటిమిట్ట వైపు రోడ్డు పక్క పొదలు చాలు. కడప నుంచి పాతిక కిలోమీటర్లలోపే కనుక ఐదున్నరకు బయల్దేరినా సరిపోతుంది. చెలమల దగ్గర కూర్చుంటే నీటికి దిగే గువ్వలు, పిచ్చుకలు వరుస కడతాయి.

మార్చి మధ్య దాటాక ఇక్కడ ఎండ నిలవనివ్వదు. అడవి మంటల కాలం కూడా అదే.

హార్స్లీ కొండ: ఇంటిల్లిపాదీ అయితే

ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా చేసిన హార్స్లీ దొర బంగళా కట్టాక ఈ పేరొచ్చింది. పిట్టల సంఖ్యలో నల్లమలతో పోటీకి రాదు. నీలగిరి తోపులు చాలా భాగం ఆక్రమించాయి, ఆ తోపుల్లో పిట్టలు పలుచన. అక్కడ పొద్దు పుచ్చకుండా బండల అంచులు, లోయ వైపు దిగే పొదలు, ఘాట్ రోడ్డు మలుపులు పట్టుకోండి. పసుపుగొంతు పిగిలి ఇక్కడా ఉంది. అంచున నిలబడితే డేగలు, గద్దలు మీ కంటి మట్టంలోనో కిందనో తేలుతుంటాయి. రెక్కల పైభాగం చూసే అవకాశం మైదానంలో రాదు. వేడిగాలి లేచే తొమ్మిది, పదకొండు గంటల మధ్య దీనికి మంచి సమయం, అంటే తెల్లవారుజామున లేవలేని వాళ్లకూ దక్కేది ఉంటుంది.

కొండ మీదే పర్యాటక శాఖ గదులున్నాయి. శని ఆదివారాలు బెంగళూరు కార్లతో నిండిపోతుంది, పాటల హోరు. మంగళ, బుధవారాలు వెళ్లగలిగితే అది వేరే కొండలా ఉంటుంది. కడప నుంచి రాయచోటి మీదుగా వచ్చేవాళ్లు గువ్వలచెరువు ఘాట్ దాటాలి. పాలకోవా కోసం అందరూ ఆగుతారు. ఊరి పేరులోనే గువ్వలున్నాయి కాబట్టి పాలకొండల పొదల వైపు ఓ పావుగంట చూసి కదలండి. లారీల రోడ్డు, మలుపుల్లో బండి ఆపొద్దు.

గండికోట గురించి కూడా అడుగుతారు. పెన్న లోయ అంచున గోడల్లాంటి బండలు, వాటిల్లో గూళ్లు పెట్టే పిట్టలు ఉన్నాయి. ఫిబ్రవరి దాకా అయితే సరే. వసంతానికి అక్కడ నీడ అన్న మాటే లేదు, జనం ఎక్కువ. పిట్టల కోసమే పోవాల్సిన చోటుగా దాన్ని లెక్కపెట్టం.

ఎవరికి ఏది

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే హార్స్లీ కొండ. మారుమాటలేదు. పిల్లలకు రెండు గంటలకు మించి ఓపిక ఉండదు, మధ్యాహ్నం చల్లగా పడుకోవడానికి చోటు ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు అహోబిలం మెట్లు, రాళ్ల దారి పెట్టుకోవద్దు.

బస్సులో, రైల్లో ఒంటరిగా తిరిగే విద్యార్థులకు పెనుకొండ, అహోబిలం. ఒంటరిగా అన్నామని ఒక్కరే కొండ ఎక్కమని కాదు, ఇద్దరైనా ఉండండి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు పేరున్న అరుదైన పిట్ట వెంట పడితే నిరాశే. నల్లమలలో కూడా మొదటిసారి ఆకుల చప్పుడు ఎక్కువ, పిట్ట తక్కువ అనిపిస్తుంది. సిద్దవటం దగ్గర పెన్న ఒడ్డున ఒక ఉదయం, పూసిన మోదుగ దగ్గర ఒక ఉదయం గడిపి, ముప్పై మామూలు పిట్టల పేర్లు వచ్చాక నల్లమలకు పోతే ఆ ఖర్చుకు ఫలితం ఉంటుంది.

ఫోటోల వాళ్లకు నీడ అడవి కష్టం. అహోబిలం కోనలో వెలుగు చాలదు, పెనుకొండలో వెలుగు బాగుంటుంది కానీ పిట్ట నిలవదు. అన్నిటికన్నా మోదుగ చెట్టే దయగలది. కూతను ఫోన్లో వినిపించి పిట్టను రప్పించడం మాత్రం ఏ కొండ మీదా చేయొద్దు. జతకట్టే కాలంలో శత్రువు వచ్చిందనుకుని అది గూడు, మేత వదిలేసి దాని వెంట తిరుగుతుంది, గుడ్లు ఎండకు వదిలేస్తుంది. ఈ ఎండలో గుడ్డు చెడిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

సంచిలో ఏముండాలి

దుర్భిణి కొనాలంటే 8×42 చాలు. 10×25 చిన్నగా, చవకగా ఉంటుందని కొంటారు, మసక వెలుగులో అది పనిచేయదు. అద్దం వెడల్పును పెంపుతో భాగించండి: 42ని 8తో భాగిస్తే 5.25, 25ని 10తో భాగిస్తే 2.5. ఆ అంకె ఎంత పెద్దదైతే కంటికి అంత వెలుగు. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులు కిందికి తిప్పుకుంటేనే పూర్తి బొమ్మ కనిపిస్తుంది.

నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు. చద్దిమూట కట్టుకోండి, లేదా వేయించిన బుడ్డలు, బెల్లం. కొండ మీద పొద్దున ఏడుకు ఏ హోటలూ తెరవదు. మట్టి రంగు చొక్కా, నిండు చేతులు, ప్యాంటు కాళ్లు మేజోళ్లలోకి దోపుకోవాలి, పశువులు తిరిగే పొదల్లో పిడుదులు ఎక్కుతాయి. రక్తపింజరి ఎండుటాకుల్లో కలిసిపోతుంది కనుక చూడకుండా చేయి, కాలు పెట్టొద్దు. పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ లాంటి యాప్ వాడితే పిట్టల జాబితా ఇంట్లోనే దింపుకోండి, నల్లమలలో సిగ్నల్ ఉండదు. అది కూత విని చెప్పిన పేరును కంటితో చూసేదాకా పుస్తకంలో ఎక్కించొద్దు.

పుస్తకంలో పిట్ట పేరుతోపాటు సమయం, చెట్టు, నీటికి దూరం రాసుకోండి. వచ్చే ఏడు అదే వారం అదే గుండం దగ్గర కూర్చోవడానికి ఆ మూడు ముక్కలే దారి చూపుతాయి. గూడు కనిపిస్తే మాత్రం ఆ చోటు ఎక్కడా రాయొద్దు, ఎవరికీ లొకేషన్ పంపొద్దు. పదడుగులు వెనక్కి వేసి, వచ్చిన దారినే తిరిగి వచ్చేయండి.